లైను మీద మనిషి

ఫిబ్రవరి 9

ఒరేయ్ తమ్ముడూ,

ఫోను చేద్దామంటే నీ చెవులు పవర్‌హౌసు మింగేసింది. ఉద్యోగమంతా టర్బైన్ల పక్కన నిలబడి రిటైరైన మనిషికి ఫోను చేయడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. మెసేజీలు పంపమని మరదలు అంటుంది కానీ ఆ అద్దం మీద నాకు వేలు ఆడదు. పైగా ఫోను ఎప్పుడూ మీ బావ దిండు పక్కనే ఉంటుంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

మీ బావ అలాగే ఉన్నారు. అలాగే అంటే, నువ్వు చూసి వెళ్ళినప్పటికంటే ఇంకాస్త తగ్గి. ఊళ్ళో స్తంభాలన్నీ ఎక్కి దిగిన లైన్‌మన్ ఇప్పుడు మంచం దిగాలంటే నన్ను పిలుస్తున్నారు. ముక్కులో గొట్టం తీస్తే గుమ్మం దాకా నడవలేరు. ఆక్సిజన్ మిషను రాత్రీ పగలూ గురక పెడుతూనే ఉంటుంది. దాని గురక ఆగిందంటే కరెంటు పోయిందన్నమాట, నా పై ప్రాణం పైనే పోతుంది. సిలిండరు దగ్గరికి ఉరకాలి, మూత తిప్పాలి, గొట్టం మార్చాలి. అంతసేపూ ఆయన నా చేతుల వంకే చూస్తుంటారు. ఒక్క మాట అనరు. మాటకి ఊపిరి కావాలి కదా.

ఎదురింటి టీచరమ్మ డాబా మీద సోలార్ పెట్టించుకుంది. మనమూ పెట్టించుకుందామా అంటే, నమ్ముతావా, మీ బావ వెంటనే సరేనన్నారు. మిషను వచ్చాక బిల్లు చూసి ఆయనకి కడుపుమంట. నాకు బిల్లు గొడవ కాదురా. మన కరెంటు మన నెత్తి మీదే పుడితే ఇంకెవరి దయా అక్కర్లేదని నా ఆశ.

ఇక నా సందేహాలు. డాబాకి కన్నాలు పొడిస్తే వానకి కారదా? మబ్బు పడితే ఏమిటి గతి? వడగళ్ళకి ఆ అద్దాలు పగలవా? పక్కింటి చెట్టు నీడ సాయంత్రానికి సగం డాబా దాకా పాకుతుంది, ఫరవాలేదా? దుమ్ము కడిగేదెవరు? నా మోకాళ్ళు మెట్లెక్కే రోజులు పోయాయి. ఎన్నాళ్ళు మన్నుతాయి? మీ బావని అడిగితే "మీ తమ్ముడు పెద్ద ఇంజనీరు కదా, రాసి కనుక్కో" అని గోడ వైపు తిరిగి పడుకున్నారు.

మరదలి నడుము ఎలా ఉంది? మందు మానేయనివ్వకు.

నీ అక్క


ఫిబ్రవరి 20

అక్కా,

నేను ఇంజనీరును కాదు, ఆపరేటరును. ఆ సంగతి బావకి నీకంటే బాగా తెలుసు. పెళ్ళినాటి నుంచీ ఆ ఒక్క జోకుతోనే బతుకుతున్నాడు, బతకనీ.

నీ ప్రశ్నలు చదివితే బిగించడానికి వచ్చేవాడు పారిపోతాడు. ఒక్కొక్కటే చెబుతాను. కన్నాలు పొడవకుండా, సిమెంటు దిమ్మెలు పోసి వాటి మీద నిలబెట్టమను. గాలికి లేవకుండా దిమ్మెలు బరువుగా ఉండాలి. బేరం ఆడబోయి దిమ్మెలు చిన్నవి చేయించకు. మబ్బు రోజున తక్కువ పుడుతుంది, అసలు పుట్టకుండా పోదు. వడగళ్ళకి ఆ అద్దం అంత తేలిగ్గా లొంగదు, మన వంటింటి కిటికీ ముందు పగులుతుంది. సాయంత్రం నీడ ఫరవాలేదు, మధ్యాహ్నం నీడ పడితేనే తంటా. కడగడానికి కింది నుంచే పైపు పెట్టి కొట్టొచ్చు, తెల్లవారి చల్లబడ్డాక కొట్టించు. మధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్ళు పోయకు. మన్నిక సంగతంటావా, మనిద్దరి తర్వాత కూడా ఉంటాయి.

అడగాల్సినవన్నీ అడిగేశావు. ఇంకేమైనా మిగిలితే పక్కనే పడుకున్న మనిషిని అడుగు. నేను కరెంటు పుట్టించినవాణ్ణి, అది తీగ మీద ఎలా ప్రవర్తిస్తుందో చూసినవాడు ఆయనే.

నీ మరదలి నడుము నా మాట లాంటిది, ఇంట్లో ఎవరూ లెక్కచేయరు. తనూ లెక్కచేయదు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 2

తమ్ముడూ,

ఇల్లు అలకగానే పండగ కాదని ఎందుకన్నారో ఇప్పుడు తెలిసింది.

సోలార్ పెట్టించాం. దిమ్మెలు బరువైనవే పోయించాను. నల్లగా నిగనిగలాడుతున్నాయి. మీటరు వెనక్కి తిరుగుతోందని చెబితే మీ బావ ముఖంలో చాలాకాలానికి నవ్వు కనబడింది. అంతవరకూ బాగానే ఉంది.

మొన్న మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. నేను వంటింట్లో దిలాసాగా కూర్చుని బఠానీలు ఒలుచుకుంటున్నాను, ఇక మనకేం అని. లోపల్నుంచి మిషను కూత వినిపించింది. వెళ్ళి చూస్తే మీ బావ పెదాలు నీలంగా ఉన్నాయి. ఫ్యాను లేదు, దీపం లేదు, మిషను లేదు. నెత్తి మీద సూర్యుడున్నాడు, డాబా నిండా పలకలున్నాయి, ఇల్లు మాత్రం చచ్చి పడుంది! ఉరికి సిలిండరు మూత తిప్పి గొట్టం మార్చాను.

కరెంటు పోతే ఇది కూడా పోతుందని ఒక్క ముక్క ఎందుకు రాయలేదురా? నీడ గురించి రాశావు, వడగళ్ళ గురించి రాశావు, మరదలి నడుము మీద హాస్యాలు రాశావు. నాకు కావలసింది ఒక్కటే కదా, అది వదిలేశావు. నేను దేనికి పెట్టించుకున్నానో నీకు తెలియదూ?

కోపంగా ఉన్నాను. అందుకే ఇంతటితో ఆపుతున్నాను.

అక్క


ఏప్రిల్ 11

అక్కా,

నీ ఉత్తరం అందింది. నువ్వు కాదని రాసినా నేను బిల్లు కోసమే అనుకున్నాను. కరెంటు పోయినప్పటి సంగతి నువ్వు అడగలేదు. అడగకపోయినా బావ చెప్పే ఉంటాడనుకున్నాను. లైన్‌మన్ పెళ్ళానికి లైను సంగతి నేను చెప్పాలా అనుకున్నాను. నాదే పొరపాటు, తిట్టు.

అది ఎందుకు ఆగిపోతుందో చెబుతాను. లైను చచ్చినప్పుడు ఆ తీగకి కలిపిన సోలార్ కూడా చావాలి. ఎక్కడో తీగ తెగిందనుకో, బాగు చేయడానికి స్తంభం మీదికి మనిషి ఎక్కుతాడు. కరెంటు లేదనుకునే తీగ పట్టుకుంటాడు. అదే సమయానికి నీ డాబా మీద పుట్టింది వెనక్కి తీగలోకి పారితే వాడు అక్కడికక్కడే పోతాడు. అందుకని లైను పోగానే అది తనంతట తానే నోరు మూసుకుంటుంది.

దీనికి మార్గం ఉంది. బాటరీ పెట్టించు, దానితో ఒక పెట్టె వస్తుంది. లైను పోయిన క్షణంలోనే ఆ పెట్టె మన ఇంటిని లైను నుంచి తెంపేస్తుంది. ఆ తర్వాత మన కరెంటు మన గోడల మధ్యే తిరుగుతుంది, చుక్క కూడా బయటికి పోదు. తలుపు గడియ పెట్టుకుని ఇంట్లో దీపం వెలిగించుకున్నట్టు. బావ మిషను ఆగదు. బిగించినవాణ్ణే మళ్ళీ పిలిపించు, ఆలస్యం చేయకు.

తమ్ముడు


ఏప్రిల్ 24

తమ్ముడూ,

నీ ఉత్తరం నేను దుకాణం నుంచి వచ్చేసరికి మీ బావ చేతిలో ఉంది. పోస్టు కిటికీలోంచి అందుకుని చదివేశారు. పొద్దుటి పూట ఆ కుట్టు దుకాణానికి వెళ్ళడం మానేద్దామంటే వినరు. "ఇంట్లో కూర్చుని నా ఊపిరి లెక్కపెడతావా" అంటారు.

బాటరీ వద్దన్నారు. నేను బతిమాలాను, అరిచాను, రెండు పూటలు మాట్లాడకుండా కూర్చున్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. చివరికి గొట్టం సర్దుకుని, ఆగి ఆగి, ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు.

నీకు చిలక గుర్తున్నాడా? మీ బావతో జంటగా పనిచేసేవాడు, స్తంభం మీద ఉన్నంతసేపూ ఈల వేసేవాడని అందరూ చిలక అనేవాళ్ళు. పని మీద పోయాడని మనకి తెలుసు, ఎలా పోయాడో ఈయన ఏనాడూ నోరు విప్పలేదు. లైను ఆపించి, ఆపారని రూఢి చేసుకుని, మీ బావే అతన్ని ఎక్కించారట. ఆ వీధిలో ఎవరో పెద్దమనిషి ఇంట్లో చీకటిగా ఉందని జనరేటరు తెచ్చి, మెయిన్ దించకుండానే మీట నొక్కాడు. "ఈల మధ్యలో ఆగింది" అన్నారు మీ బావ. "నేను నిచ్చెన పట్టుకునే ఉన్నాను. వాడు కిందికి రాలేదు. పైనే ఉండిపోయాడు."

ఆ పెట్టె తెంపేస్తుందిట కదా, మా తమ్ముడు రాశాడు అన్నాను. "ఆ పెద్దమనిషి కూడా ఏమీ కాదనే అనుకున్నాడు" అన్నారు. "పెట్టెలో ఒక ముక్క అతుక్కుపోతే చాలు. వీధిలో లైను చచ్చినప్పుడు నా ఇల్లు కూడా చావాలి. లైను మీద మనిషి ఉండగా నా ఇంట్లో కరెంటు ఉండకూడదు. నా ఊపిరి కోసం అసలే ఉండకూడదు." ఇంత మాట్లాడి సాయంత్రం దాకా దగ్గుతూనే ఉన్నారు.

నేనేం చేయనురా? ఆ చచ్చిపోయినవాడి మీద నాకు జాలి లేక కాదు. నాకు ఈయన కావాలి. ఇంతకంటే సిగ్గు విడిచి రాయలేను.

ఇక మీదట దుకాణం చిరునామాకి రాయి, కింద రాశాను.

అక్క


మే 3

అక్కా,

దుకాణానికే రాస్తున్నాను. చదివి చింపెయ్.

బావ చూసింది వేరు, ఇది వేరు. అది ఎవడో తెలివితక్కువవాడు చేతులతో చేసిన పని. ఇక్కడ మనిషి చెయ్యి లేదు. ఇదంతా బావకి నువ్వు నచ్చజెప్పలేవు, నేను వచ్చి చెప్పినా లాభం లేదు. ఆయన వాదించేది నాతో కాదు, ఆ నిచ్చెనతో. వాదన తేలేలోపు ఒక రోజు నువ్వు దుకాణంలో ఉండగా కరెంటు పోతుంది. అప్పుడు సిలిండరు ఎవరు తిప్పుతారు?

అందుకని చెప్పకుండా పెట్టించు. నెల నెలా ఆస్పత్రికి తీసుకెళతావు కదా, ఆ పూట బిగించి వెళ్ళిపోమను. పెట్టె మెట్ల కింద పెట్టించి, ముందు పాత బట్టల మూటలు వెయ్యి. ఇల్లంతటికీ కాదు, మిషను ప్లగ్గు ఒక్కదానికే ఇప్పించు. దీపాలూ ఫ్యాన్లూ ఎప్పట్లాగే ఆగిపోతాయి కాబట్టి అనుమానం రాదు. ప్లగ్గు మీద ఎర్ర దీపం ఉంటే అది మార్పించెయ్. మిషను ఎందుకు ఆగలేదని అడిగితే, దాని లోపలే చిన్న బాటరీ ఉందని కంపెనీ మనిషి వచ్చి చెప్పాడను.

అబద్ధమే. ఆయన్ని బతికించుకునే అబద్ధం. పాపం ఏదైనా ఉంటే సగం నా ఖాతాలో రాసుకో.

తమ్ముడు


మే 30

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే అయింది. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి గోడకి సిమెంటు కూడా ఆరిపోయింది. మెట్ల కింద నా బట్టల మూటలు, వాటి వెనక ఆ పెట్టె పిల్లిలా కూర్చుంది. మీ బావ అటువైపు చూడనైనా లేదు.

వారం తిరక్కుండానే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, దీపం ఆరింది, మిషను మాత్రం తన గురక తాను పెడుతూనే ఉంది. మీ బావ దాని వంక చూశారు, నా వంక చూశారు. నువ్వు రాసిపెట్టిన ముక్క అప్పజెప్పాను. అబద్ధం చెబుతుంటే నా చెవులు వేడెక్కాయి. ఆయన మిషను మీద చెయ్యి వేసి "మంచి మిషనే" అన్నారు. చిన్నపిల్లాడిలా నమ్మేశారురా. నన్ను ఎన్నడూ అనుమానించని మనిషి కదా, ఇప్పుడు మాత్రం ఎందుకు అనుమానిస్తారు?

ఆ రాత్రి వంటింట్లో కూర్చుని కాసేపు బాధపడ్డాను. కానీ నిజం చెప్పాలంటే ఆ తర్వాత కంటినిండా నిద్రపోయాను. ఇన్నాళ్ళకి నిద్రపోయాను. దుకాణంలో ఉండగా కరెంటు పోతే ఇప్పుడు గుండె దడదడలాడటం లేదు. దర్జీ ముసలాయన "ఏమిటమ్మా, ఈ మధ్య కుట్టు వంకర పోవడం లేదు" అన్నాడు. సిలిండరు అయిపోయింది, నింపించాలి. దాన్ని బండిలో వేసుకుని అంత దూరం తీసుకెళ్ళడం ఒక ప్రయాణం, ఇప్పుడు తొందరేముందని వదిలేశాను.

చింపెయ్యమన్నావు కానీ నీ ఉత్తరం చింపలేదు. ఎందుకో చేతులు రాలేదు.

అక్క


జూన్ 10

అక్కా,

నువ్వు నిద్రపోయావన్న మాటే చాలు నాకు. నీ మరదలికి కూడా చదివి వినిపించాను. నాకు వినబడదు కాబట్టి తను ఏమందో నాకు తెలియదు, సంతోషించినట్టే ఉంది.

ఒక్క సంగతి. సిలిండరు నింపించు. పెట్టెలు ఎంత మంచివైనా పెట్టెలే. ఉత్తరం అందిన రోజే నింపించు, బద్ధకించకు. వానలు మొదలయ్యే రోజులు.

తమ్ముడు


జూన్ 28

తమ్ముడూ,

నువ్వు వచ్చావు, ఉన్నావు, వెళ్ళావు. ఆ రోజుల్లో నీతో ఒక్క మాటా సరిగ్గా చెప్పలేదు. ఇంటినిండా జనం. నీకు చెప్పాలంటే అరిచి చెప్పాలి. ఇవి అరిచి చెప్పే సంగతులు కావు. మీ బావ ఊపిరి అందక పోయారని అందరితో పాటు నీకూ చెప్పాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, పడినా సరే, నీకు చెప్పాలి.

ఆ పొద్దున నేను దుకాణంలో ఉన్నాను. గాలి లేచింది. ఇదివరకైతే ఆకు కదిలినా చెప్పులు వేసుకుని ఇంటికి ఉరికేదాన్ని. ఆ రోజు ఉరకలేదు. పెట్టె ఉంది కదా. ఒక చొక్కాకి కాజాలు కుడుతూ కూర్చున్నాను. కరెంటు పోయింది, వాన కొట్టింది, దర్జీ టీ తెప్పిస్తే తాగాను. టీ తాగానురా నేను.

మన వీధిలో కొమ్మ విరిగి తీగ తెంపింది. వాన తెరిపివ్వగానే లైన్‌మన్ వచ్చి మన కిటికీకి ఎదురుగా ఉన్న స్తంభం ఎక్కాడు. కొత్తగా చేరినవాడు, మీ బావని ఎరగడు. తర్వాత జరిగింది నేను చూసింది కాదు. ఇంట్లో కనబడినవీ, ఆ లైన్‌మన్ చెప్పినవీ కలిపి కుట్టుకున్నాను.

మిషను ఎంతకీ ఆగకపోయేసరికి మీ బావకి అనుమానం వచ్చినట్టుంది. అంత చిన్న మిషనులో అంత బాటరీ ఎక్కడిదని. దిండు కింద ఆయన టెస్టరు ఉంటుంది, నీకు తెలుసు. అది ప్లగ్గులో పెట్టి చూశారు. వెలిగి ఉంటుంది. వీధి లైను చచ్చింది, ఇంట్లో ప్లగ్గు బతికే ఉంది, కిటికీలోంచి చూస్తే స్తంభం మీద మనిషి. ఆయన ఏమనుకుని ఉంటారో నీకు చెప్పక్కర్లేదు. డాబా మీది కరెంటుని ఎవరో దొంగతనంగా లైనుకి కలిపేశారని అనుకుని ఉంటారు.

కిటికీ దగ్గర నిలబడి ఆయన చెయ్యి ఊపారట. అరిచే ఊపిరి లేదు కదా. ఆ లైన్‌మన్ పైనుంచి చూసి, పెద్దాయన పలకరిస్తున్నాడనుకుని తనూ నవ్వి చెయ్యి ఊపాడు.

ముక్కులోంచి గొట్టం తీసేసి వరండా దాకా నడిచి మెయిన్ స్విచ్చి దించారు. వెనక్కి వచ్చి మళ్ళీ టెస్టరు పెట్టి ఉంటారు. మెయిన్ దించినా ప్లగ్గు చావలేదు. చావదు కదా, మనం పెట్టించింది అందుకే కదా. అంటే మెయిన్‌కి అవతలే ఎక్కడో కలిపారని భయపడి ఉంటారు. ఇల్లంతా వెతికారు. బట్టల మూటలు వంటింటి గుమ్మం దాకా చెల్లాచెదురుగా పడున్నాయి. పెట్టె దొరికింది. ఆపేశారు.

ఆ తర్వాత సిలిండరు దగ్గరికి వెళ్ళారు. మూత పూర్తిగా తిప్పి ఉంది. ముల్లు సున్నా మీద ఉంది.

నేను నింపించి ఉంచాననే అనుకున్నారు, తమ్ముడూ. ఎప్పుడూ నింపించే ఉంచేదాన్ని కదా. చావాలని చేసింది కాదు అది. సిలిండరు ఉందన్న ధైర్యంతో ఆపారు. లేదని తెలిశాక కూడా పెట్టె మళ్ళీ వేయొచ్చు. తిరిగి వచ్చి పెట్టె పక్కనే మెట్ల మీద కూర్చున్నారు, చెయ్యి చాస్తే స్విచ్చి అందుతుంది. వేయలేదు. పైన మనిషి ఇంకా దిగలేదు కదా.

పని అయ్యాక ఆ లైన్‌మనే కరెంటు వచ్చిందని చెబుదామని తలుపు తట్టాడు. ముందు చూసింది వాడే.

నీ ఉత్తరం ఆ మర్నాడు దుకాణానికి వచ్చింది. సిలిండరు నింపించమన్నావు.

ఇప్పుడు నిన్ను ఒకటి అడుగుతాను, నా మనసు కోసం కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆయన ఆపకపోతే ఆ కరెంటు లైను మీదికి పోయేదా? ఆ లైన్‌మన్ రోజూ వచ్చి గేటు పట్టుకుని నిలబడుతున్నాడు. పొరపాటున కరెంటు వచ్చినా మనిషికి తగలకుండా ముందు తీగని భూమికి కలపాలట, ఆ రోజు హడావిడిలో కలపకుండానే ఎక్కాడట. "అమ్మా, ఆయన ఆపకపోతే నేను పోయేవాణ్ణా" అని అడుగుతున్నాడు. మళ్ళీ చెబుతానని పంపేస్తున్నాను. ఏం చెప్పను?

అక్క


జూలై 7

అక్కా,

ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నావు. పోయేది కాదు. చుక్క కూడా పోయేది కాదు. బిగించినవాడి దగ్గరికి నేనే మనిషిని పంపి అన్నీ కనుక్కున్నాను. లైను పోయిన క్షణంలోనే పెట్టె ఇంటిని తెంపేసింది. బావ మెయిన్ దించకముందే, గొట్టం తీయకముందే, ఆ లైన్‌మన్‌కి మన ఇంటి నుంచి ఏ ప్రమాదమూ లేదు.

ఆ సంగతి బావకి కళ్ళతో చూపించి నమ్మించి ఉంటే లేచేవాడే కాదేమో. తెలియకుండా చేసింది నేను. నువ్వు చేశావని ఒక్కనాడూ అనుకోకు. నా సలహా, నా రాత. చెవులు పోయిన నాడు బాధపడలేదు కానీ, నీ ఇంట్లో కూర్చున్న ఆ పది మందిలో నువ్వు నాకు ఏమీ చెప్పలేక మంచినీళ్ళు ఇచ్చి వెళ్ళిపోయావు చూడు, అది తలుచుకుంటే గుండె పగిలిపోతోంది.

ఆ లైన్‌మన్‌కి మాత్రం నిజం చెప్పకు. అవును నాయనా, ఆయనే నిన్ను బతికించారని చెప్పు. బావ పోయినదానికి ఒక అర్థం మిగలనీ. ఒక మనిషిని కాపాడి పోయాడని ఊరు చెప్పుకోనీ. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. బావకి మనం ఇవ్వగలిగింది ఇప్పుడు అదొక్కటే.

తమ్ముడు


జూలై 19

తమ్ముడూ,

నీ మాట వినలేదు. ఎవరికీ నష్టం లేని అబద్ధం ఒకటి చెప్పి చూశాం కదా.

నిన్న ఆ లైన్‌మన్ వస్తే లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. మనిషి సగమైపోయాడు. స్తంభం ఎక్కలేక సెలవు పెట్టి తిరుగుతున్నాడట. నీ మాట ప్రకారం చెబుదామనే అనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆయన నిన్ను బతికించారని ఒక్క మాట అంటే మీ బావ ఈ ఊళ్ళో దేవుడైపోతారు. కానీ ఎదురుగా కూర్చున్న వీడు బతికినంతకాలం ఒక శవాన్ని మోయాలి. అదీ మనం చేసిన శవాన్ని.

మొత్తం చెప్పాను. చిలక సంగతి, పెట్టె సంగతి, సిలిండరు సంగతి. "ఆయన ఆపకపోయినా నీకేమీ అయ్యేది కాదు బాబూ. పెట్టె అప్పటికే తెంపేసి ఉంది. ఆయనకి తెలియదు. తెలియనివ్వకుండా చేసింది నేను" అన్నాను.

వాడు తలెత్తాడు. "అయితే నా వల్ల కాదా అమ్మా?" అన్నాడు.

"కాదు" అన్నాను.

వాడి ముఖంలోకి నెత్తురు తిరిగి రావడం నా కళ్ళతో చూశాను. సంతోషించాలి కదా. నాకు మాత్రం మీ బావని నా చేతులతోనే ఇంకోసారి పంపించినట్టయింది. ఇన్నాళ్ళూ కనీసం ఎవరికోసమో పోయారని లోలోపల ఒక ఆశ ఉండేది. అది కూడా నా నోటితోనే తీసేశాను. తలుపు వేసుకుందామని లేచాను.

వాడు గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"కానీ అమ్మా, నాకేం కాదని ఆయనకి తెలియదు కదా" అన్నాడు.

"తెలియదు" అన్నాను.

"తెలియకుండానే కూర్చున్నారు కదా, నేను దిగేదాకా."

వెళ్ళిపోయాడు. నేను ఆ గడపలోనే కూలబడి ఏడ్చాను. ఆయన పోయాక ఏడవడం అదే మొదలు. ఇంకా ఆగలేదురా, ఇది రాస్తూ కూడా ఏడుస్తూనే ఉన్నాను.

అక్క